పేరు చెరిగిన ఖడ్గానికి సాక్షులు: జపాన్‌లో కత్తి పరీక్షకుల చరిత్ర

జపాన్ ఖడ్గ చరిత్రను కమ్మరుల చరిత్రగా చెప్పడం ఆనవాయితీ. అయితే ఆ చరిత్రలో సగానికి పైగా కాలం కమ్మరులతో పాటు మరొక వర్గం కూడా నడిచింది. ఎదుట ఉంచిన కత్తి ఏ కాలానిదో, ఏ ప్రాంతానిదో, ఎవరి చేతి పనో నిర్ణయించి, దానికి విలువ కట్టి, ఆ నిర్ణయాన్ని కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చిన పరీక్షకుల వర్గం అది. మసమునే, గో యోషిహిరో వంటి మహా కమ్మరుల చేవ్రాలు ఉన్న కత్తులు బహు అరుదు, యోషిహిరోవి అసలు లేవనే చెప్పాలి. అయినా వారి పేర్లు ఏడు వందల ఏళ్లుగా నిలిచి ఉన్నాయంటే, పేరు లేని ఉక్కులో వారి చేతిని గుర్తుపట్టిన ఈ పరీక్షకుల కృషే అందుకు ముఖ్య కారణమని ఒప్పుకోవడం న్యాయం.

హేయాన్ యుగం రెండవ సగంలో, అంటే పది పన్నెండు శతాబ్దాల మధ్య, నిటారు కత్తికి బదులు వంపు తిరిగిన పొడవైన ‘తాచి’ రూపుదిద్దుకుంది. గుర్రపు రౌతు దీనిని వాదర కిందివైపు ఉండేలా నడుముకు వేలాడదీసుకునేవాడు. తరువాతి శతాబ్దాల్లో కాలిబంట్ల యుద్ధం పెరిగినకొద్దీ, వాదర పైవైపు ఉండేలా నడికట్టులో దోపుకునే ‘కతానా’ వాడుకలోకి వచ్చింది. రెండింటికీ మూలసూత్రం ఒక్కటే. ‘తతరా’ అనే మట్టి కొలిమిలో ఇసుక ఇనుమును, బొగ్గును కలిపి కాల్చి తీసిన ఉక్కును మడతలు పెడుతూ సాగగొడతారు. తయారైన అలుగుకు వెన్నువైపు మందంగా, వాదరవైపు పలుచగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. పలుచని పూత ఉన్న వాదర చప్పున చల్లారి గట్టిపడుతుంది, వెన్ను నిదానంగా చల్లారి విరగని మెత్తదనాన్ని నిలుపుకుంటుంది. గట్టి ఉక్కు, మెత్తని ఉక్కు కలిసే చోట తెల్లగా కనిపించే గీతను ‘హామోన్’ అంటారు. మడతల వల్ల అలుగు ఒంటిమీద తేలే అల్లిక ‘జిహాదా’. ప్రతి కమ్మరి మట్టి పూసే తీరు, ఉక్కును మడిచే తీరు, నిప్పు వేడిని అంచనా కట్టే తీరు వేరువేరు గనుక ఈ రెండు గుర్తులు అతని చేతిని పట్టిస్తాయి. పరీక్షకుడి విద్య యావత్తూ ఈ సంగతి మీదనే నిలబడింది.

మంచి కత్తిని మంచి కత్తిగా ఎంచి చూడడం ఆస్థానాల్లో చాలా ముందే మొదలైంది. పదమూడవ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో, పదవి విడిచిన గోతోబా చక్రవర్తి పేరుగన్న కమ్మరులను నెలకొకరి వంతున తన కొలువుకు పిలిపించి పని చేయించాడని ప్రసిద్ధి. కమ్మరుల పేర్లను, వంశావళులను, కత్తుల గుర్తులను నమోదు చేసిన పుస్తకాల్లో నేటికి మిగిలిన అతి పాత ప్రతి ‘మెయిజుకుషి’. 1316 నాటి రచనకు 1423లో ఎత్తిరాసిన ఈ ప్రతి క్యోటోలోని తోజి ఆలయపు ఉపాలయమైన కంచిఇన్‌లో భద్రపడి, ఇప్పుడు తోక్యోలోని జాతీయ పార్లమెంటు గ్రంథాలయంలో ఉంది. కమ్మరుల జాబితా రాయవలసిన అవసరం అప్పటికే కలిగిందంటే, కత్తి అప్పటికే ఆయుధంగా మాత్రమే కాక ఆస్తిగా, వారసత్వంగా చేతులు మారుతున్నదని అర్థం.

పరీక్షకుడి అవసరాన్ని అన్నిటికంటే ఎక్కువగా పెంచింది, పాత కత్తులను కురచ చేసే అలవాటు. కమ్మరి తన పేరును పిడి లోపల దాగి ఉండే తోక భాగం మీద ఉలితో చెక్కుతాడు. ఆ తోకను ‘నకాగో’ అంటారు. దానికి ఉన్న రంధ్రం గుండా వెదురు చీల దిగ్గొట్టి పిడిని బిగిస్తారు. పదహారవ శతాబ్దంలో, పాత రౌతు కత్తులను నడికట్టులో దోపుకునే కత్తులుగా మార్చుకోవడానికి వాటిని మొన వైపు కాక తోక వైపు నుంచి కోసి కురచ చేశారు, ఎందుకంటే మొనను కోస్తే అక్కడి హామోన్ తెగిపోయి అలుగు పాడవుతుంది. తోక కొంత తెగితే చేవ్రాలు సగం మిగిలేది, మరికొంత తెగితే పూర్తిగా పోయేది. ఆ విధంగా, హేయాన్ తరువాతిదైన కామకురా యుగపు శ్రేష్ఠమైన కత్తుల్లో ఎన్నో తమను చేసినవాడి పేరును పోగొట్టుకున్నాయి.

ఇటువంటి మార్పు ఒక కత్తి జీవితంలో ఎలా జరిగిందో యోషిమోతో సమోంజి అనే ఖడ్గంలో స్పష్టంగా చూడవచ్చు. పద్నాలుగవ శతాబ్దంలో క్యూషూ ద్వీపంలోని చికుజెన్ ప్రాంతంలో పనిచేసిన ‘సా’ అనే కమ్మరి చేసిన ఈ కత్తి తకెదా వంశం నుంచి ఇమగావా యోషిమోతో అనే ప్రభువుకు చేరింది. 1560లో ఓకెహజామా యుద్ధంలో యోషిమోతోను ఓడించి చంపిన సేనాని ఓదా నోబునాగా దానిని తీసుకొని, తోక కోయించి కురచ చేయించి, కొత్త తోకకు ఒకవైపు తన పేరును, రెండవవైపు ఆ విజయపు తేదీని, ఇది యోషిమోతో ధరించిన కత్తి అన్న సంగతిని బంగారంతో పొదిగించాడు. చేసిన కమ్మరి పేరు ఉండవలసిన చోట గెలిచినవాడి పేరు వచ్చి కూర్చుంది. అక్కడి నుంచి అది తోయోతోమి హిదెయోషి చేతికి, అతని కుమారుడు హిదెయోరి చేతికి, తరువాత తోకుగావా ఇయెయాసు చేతికి చేరి, 1657లో ఎదో నగరాన్ని బూడిద చేసిన మెయిరెకి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మంటకు హామోన్ చెరిగిపోయిన కత్తిని మళ్లీ కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరిచే పద్ధతి ఒకటుంది. దానికి ‘సైహా’ అని పేరు. అలా తిరిగి ప్రాణం పోసుకున్న ఆ ఖడ్గాన్ని తోకుగావా వంశం మెయిజీ కాలంలో నోబునాగా పేరిట క్యోటోలో వెలసిన కెంకున్ మందిరానికి సమర్పించింది. మామూలు లెక్కన సైహా జరిగిన కత్తి విలువ బాగా పడిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు కనిపించే హామోన్ మొదటి కమ్మరిది కాదు. అయినా ఈ కత్తి గౌరవం తగ్గలేదు. ఉక్కును మాత్రమే తూచే పరీక్ష వేరు, అది ఎవరి నడుమున ఉండి వచ్చిందో లెక్కించే పరీక్ష వేరు అని దీని చరిత్ర తెలియజేస్తుంది.

పరీక్షను వంశపారంపర్య వృత్తిగా నిలిపినవారు హోనామి కుటుంబీకులు. వంశ మూలపురుషుడు మ్యోహోన్ పద్నాలుగవ శతాబ్దంలో షోగున్ (సైనిక పాలకుడు) అషికాగా తకావుజి కొలువులో కత్తుల సంరక్షణ చూశాడని ఆ వంశ కథనం. సానపట్టడం, తుడిచి శుభ్రపరచడం, పరీక్షించి నిర్ణయించడం అనే మూడు పనులూ వారివే. ఈ మూడూ ఒకే ఇంట ఉండడం యాదృచ్ఛికం కాదు: వరుసగా మెత్తబడుతూ పోయే రాళ్ల మీద అలుగును నీటితో రోజుల తరబడి రుద్దే సానదారుడికి కనిపించినంతగా ఉక్కు లోపలి అల్లిక మరెవరికీ కనిపించదు. హిదెయోషి కాలంలో హోనామి కోతోకు (1554–1619) పెద్ద సేనానుల కత్తులను చూసి, అలుగు ఆకారాన్ని, హామోన్‌ను బొమ్మలుగా గీసి గ్రంథస్థం చేశాడు. అందమైన రాతకు, తేనీటి పాత్రలకు పేరుపొందిన హోనామి కోయెత్సు (1558–1637) కూడా ఈ ఇంటివాడే. 1615లో ఇయెయాసు అతనికి క్యోటో ఉత్తరాన తకగమినేలో భూమి ఇచ్చాడు. కోయెత్సును కళాకారుడిగా మాత్రమే తలచుకునేవారు, ఆ కన్నుకు తొలి శిక్షణ కత్తి అలుగు మీద దొరికిందన్న సంగతిని గుర్తించడం మంచిది.

హోనామి వారు ఇచ్చే నిర్ణయ పత్రాన్ని ‘ఒరిగామి’ అనేవారు. దళసరి తెల్లకాగితాన్ని అడ్డంగా మడిచి, కమ్మరి పేరు, కత్తి పొడవు, దాని గుర్తులు, కట్టిన విలువ రాసి, వెనుక ఇంటిపెద్ద సంతకం చేసి ముద్ర వేసేవాడు. కుటుంబ పెద్దలు నెలకొకసారి మూడవ తేదీన కూడి కత్తులను చూసి నిర్ణయించేవారు గనుక, అసలైన ఒరిగామి మీద తేదీ ఎప్పుడూ మూడే ఉంటుంది. వేరే తేదీ ఉన్న పత్రాన్ని సేకర్తలు చూడగానే అనుమానిస్తారు. చేవ్రాలు పోయిన కత్తుల్లో తమకు సందేహం లేనివాటి తోక మీద కమ్మరి పేరును, తమ సంతకాన్ని బంగారంతో పొదిగించడం కూడా వీరి పద్ధతే. విలువను రాగి నాణాల లెక్కలోనో, ‘ఓబాన్’ అనే పెద్ద బంగారు బిళ్లల లెక్కలోనో రాసేవారు. కత్తి బహుమతి తోకుగావా పాలనలో రాజ్యమర్యాదలో భాగం. పెద్ద ప్రభువు పట్టానికి వచ్చినా, పెళ్లి జరిగినా, షోగున్ దర్శనానికి వచ్చినా కత్తి ఇచ్చి పుచ్చుకోవలసిందే. ఏ బహుమతికి ఎంతటి బదులు బహుమతి తగునో తేల్చడానికి ఒరిగామి మీది అంకె కొలబద్దగా నిలిచింది.

అక్కడే ఈ వ్యవస్థ బలహీనత కూడా ఉంది. బహుమతికి అంకె ముఖ్యమైనప్పుడు అంకె పెరగాలన్న ఒత్తిడి వస్తుంది. పదమూడవ తరం పెద్ద హోనామి కోచూ వరకు ఇచ్చిన పత్రాలను నేటి పండితులు గౌరవంతో చూస్తారు; తరువాతి కాలపు పత్రాల్లో కత్తి స్థాయికి మించిన పేర్లు, విలువలు ఎక్కువయ్యాయి. కోచూ చేతి మీదుగానే ఎనిమిదవ షోగున్ యోషిమునే ఆజ్ఞపై, దేశంలోని ప్రఖ్యాత ఖడ్గాల జాబితా 1719లో సిద్ధమైంది. ‘క్యోహో మెయిబుత్సుచో’ అనే ఆ గ్రంథంలో అవాతగుచి యోషిమిత్సు, మసమునే, యోషిహిరో అనే ముగ్గురి పనికి అగ్రస్థానం దక్కింది. అందులో కాలిపోయిన కత్తులకు ప్రత్యేకంగా ఒక భాగం ఉండడం ఎన్నదగినది. 1615లో ఓసకా కోటతో పాటు, 1657 మంటల్లోనూ నశించిన వాటిని కూడా పేరుపేరునా తలచి రాసిన ఆ శ్రద్ధ సేకర్తలను కదిలించక మానదు.

పరీక్ష జరిగే క్రమం నేటికీ దాదాపు ఆనాటిదే. ముందుగా అలుగు ఆకారం చూస్తారు: వంపు తోక దగ్గర ఎక్కువగా ఉందా, నడుమ ఉందా, మొన చిన్నదా పొడవైనదా అన్నదానిని బట్టి కాలం తేలుతుంది. తరువాత దీపానికి ఎదురుగా కత్తిని వాల్చి ఒంటి అల్లికను, హామోన్‌ను చూస్తారు. హామోన్ అంచున కంటికి విడివిడిగా కనిపించే మెరుపు రవ్వలు ‘నియె’; రవ్వలుగా విడదీయలేనంత సన్నగా పొగమంచులా పరుచుకున్నది ‘నియోయి’. నేటి ఒకయామా ప్రాంతమైన బిజెన్ కమ్మరుల కత్తుల్లో నియోయి ప్రధానం, లవంగ మొగ్గలు వరుసగా పేర్చినట్టున్న హామోన్, అలుగు నడుమ నీడలా తేలే ‘ఉత్సురి’ వారి ఆనవాళ్లు. కామకురా పరిసరాల్లో పనిచేసిన మసమునే పరంపరలో నియె ప్రధానం. యమషిరో, యమాతో, బిజెన్, సోషూ, మినో అనే ఐదు సంప్రదాయాల విభజన ఆధునిక కాలంలో హోనామి కోసన్ (1879–1955) బోధనల ద్వారా స్థిరపడింది.

చిట్టచివర చూసేది తోకను. తోకకు సాన ఉండదు, నూనె రాయడం తప్ప మరే మరమ్మతూ ఉండకూడదు. శతాబ్దాలుగా పట్టిన తుప్పు నల్లటి ఛాయలో దట్టంగా, గట్టిగా పేరుకుని ఉంటుంది. కమ్మరి ఆకురాయితో రుద్దిన గీతలు అడ్డంగా ఉన్నాయా, ఏటవాలుగా ఉన్నాయా, ఒకదానినొకటి కోసుకుంటూ తడికలా ఉన్నాయా అన్నది ఒక్కొక్క బడికి ఒక్కో రీతి. ఉలి గాటు అడుగున తుప్పు రంగు చుట్టుపక్కల తుప్పుతో కలిసిపోకుండా కొత్తగా ఉంటే ఆ చేవ్రాలు తరువాత చెక్కినదని తేలిపోతుంది. దొంగ చేవ్రాలును ‘గిమెయి’ అంటారు. పదిహేడవ శతాబ్దంలో కవచాల పని మాని కత్తుల పనికి వచ్చి ఎదోలో పేరుగాంచిన నగసోనె కోతెత్సు పేరు అందరికంటే ఎక్కువగా దొంగ పాలైంది. తోక మీది తుప్పే ఇంతటి సాక్ష్యం గనుక, తెలియనివాడు ఇంట దొరికిన పాత కత్తి తోకను గరుకు కాగితంతో తోమి మెరిపించడం కంటే పెద్ద నష్టం మరొకటి లేదు. ఆ ఒక్క పూటలో పోయిన సాక్ష్యాన్ని ఏ పండితుడూ తిరిగి తేలేడు. సానపట్టడం కూడా ఖర్చులేని పని కాదు: ప్రతి సానకూ కొంత ఉక్కు పోతుంది, పోయి పోయి పై పొర అరిగితే లోపలి మెత్తని ఉక్కు బయటపడుతుంది. పాత కత్తి ఎంత ఉక్కు మిగుల్చుకున్నదన్నది దాని ఆరోగ్యానికి కొలత.

అలుగుకు తొడిగే సామగ్రి పరీక్ష మరొక విద్య. చేతికి అడ్డుగా పిడి మొదట ఉండే లోహపు బిళ్ల ‘త్సుబా’, పిడి పట్టు కింద ఇమిడ్చే చిన్న బొమ్మల జత ‘మెనుకి’, ఒర పక్కన దోపే చిన్నకత్తి పిడి ‘కొజుకా’. వీటిలో రాజమర్యాదకు తగినవి గోతో ఇంటివారివి. మూలపురుషుడు గోతో యూజో (1440–1512) అషికాగా యోషిమాసా కొలువులో పనిచేశాడు. రాగిలో కొద్దిపాళ్లు బంగారం కలిపి, రసాయన ద్రవంలో ఉడికించి నీలినలుపు తెప్పించిన ‘షకుదో’ లోహం మీద, చేపగుడ్ల వంటి సన్నని చుక్కలను వరుస తప్పకుండా గుండ్రని ఉలితో కొట్టి, నడుమ బంగారంతో సింహాన్నో నాగాన్నో నిలపడం వారి తీరు. భూతద్దం కింద ఆ చుక్కల వరుస ఎక్కడ తడబడిందో చూసి, అది ఇంటిపెద్ద పనా, శిష్యుడి పనా అన్నది తేలుస్తారు. గోతో వారు కూడా తమ పూర్వుల పనికి ఒరిగామి ఇచ్చేవారు. 1588 నుంచి ఓబాన్ బంగారు బిళ్లలను తయారుచేసి, ఒక్కొక్కదాని మీద సిరాతో సంతకం పెట్టిందీ ఆ కుటుంబమే. కాబట్టి హోనామి వారు కత్తికి కట్టిన విలువను గోతో వారి సంతకం ఉన్న బంగారంతో లెక్కించారు. పదిహేడవ శతాబ్దం చివర యొకోయా సోమిన్ (1670–1733) ఈ ఆస్థాన సంప్రదాయాన్ని వదిలి, ఉలిని కుంచెలా నడిపి పట్టణ ప్రజల అభిరుచికి చెక్కడం మొదలుపెట్టాడు. ఇనుప త్సుబాలది ఇంకో ప్రపంచం. నోబుయియె, కనెయియె వంటివారి పనిలో బంగారం అవసరం లేదు, తుప్పు ఛాయ లోతు, అంచున ఎముకల్లా పొడుచుకువచ్చిన గట్టి ఇనుము గడ్డలు చూసి సేకర్తలు పరవశిస్తారు.

1876 మార్చిలో మెయిజీ ప్రభుత్వం సైనికులు, పోలీసులు వంటి కొందరు తప్ప మరెవరూ బహిరంగంగా కత్తి ధరించరాదని ఆజ్ఞ జారీ చేసింది. కమ్మరుల కొలుములు చల్లారాయి, సామగ్రి చేసేవారు వేరే పని వెతుక్కున్నారు. వారిలో శ్రేష్ఠుడైన కనో నత్సువో (1828–1898) కొత్త ప్రభుత్వపు నాణాలకు అచ్చులు చెక్కి, 1890లో తోక్యో లలితకళల పాఠశాలలో ఆచార్యుడయ్యాడు. అమ్మకానికి వచ్చిన కత్తుల నుంచి త్సుబాలను, మెనుకిలను ఊడదీసి విడివిడిగా ఓడలకెక్కించారు. పారిస్ వ్యాపారి హయాషి తదమాసా 1894లో లూవ్ర్‌కు త్సుబాలు బహూకరించాడు. హాంబుర్గ్ మ్యూజియంలో పనిచేసిన హరా షింకిచి 1902లో సామగ్రి కళాకారులపై జర్మన్ భాషలో గ్రంథం ప్రచురించాడు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం జపాన్ విభాగంలో ఉన్న సమురాయ్ కత్తులను కూడా, జపాన్ వస్తువులు ప్రపంచమంతా పాకిన ఆ కాలపు నేపథ్యంలో చూడాలి. సామగ్రి మీద పాశ్చాత్యులకు ప్రేమ ముందుగా కలగడం సహజమే, బొమ్మ కంటికి వెంటనే అందుతుంది. అలుగును చదవడానికి గురువు కావాలి.

1945 ఓటమి తరువాత ఆక్రమణ సైన్యం కత్తులన్నిటినీ ఆయుధాలుగా లెక్కించి అప్పగించమని ఆదేశించింది. కరిగించినవి, సముద్రంలో పడవేసినవి, సైనికులు జ్ఞాపికలుగా పట్టుకుపోయినవి అసంఖ్యాకం. తోకుగావా వంశపు హోంజో మసమునే, పోలీసులకు అప్పగించాక నేటి వరకు కనిపించలేదు. కోసన్ శిష్యుడు హోంమా జుంజి, అతని సహచరుడు సాతో కాన్‌ఇచి కత్తి కళావస్తువని అధికారులకు నచ్చజెప్పారు. అమెరికా ఎనిమిదవ సైన్యానికి చెందిన కర్నల్ క్యాడ్‌వెల్ వారి మాట విన్నాడు. 1946లో కళావిలువ గల కత్తులను అనుమతితో ఉంచుకోవచ్చన్న నిబంధన వచ్చింది, 1948లో జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం ఏర్పడింది. తోక్యోలోని అకబానె సైనిక గోదాములో పోగుపడిన కత్తుల్లోంచి 5,000కు పైగా ఏరి కాపాడారు. సొంతదారులు దొరకనివాటిలో 3,000కు పైగా 1999లో దేశంలోని ప్రభుత్వ మ్యూజియంలకు చేరాయి. ఆ దినాల్లో ఉంచవలసిందేదో, పోనీయవలసిందేదో క్షణాల్లో తేల్చిన కళ్లు ఏ పాత ఒరిగామికీ తీసిపోని పని చేశాయి.

విదేశానికి పోయినవాటిలో కొన్ని తిరిగివచ్చాయి. కగోషిమాలోని తెరుకుని మందిరానికి చెందిన జాతీయ సంపద, కునిమునే చేసిన తాచి, యుద్ధానంతరం అమెరికా చేరి, సేకర్త వాల్టర్ కాంప్టన్ కొన్న కత్తుల్లో బయటపడింది. ఆయన దానిని 1963లో ఏ ప్రతిఫలమూ కోరకుండా జపాన్‌కు పంపించాడు.

కళాఖడ్గ పరిరక్షణ సంఘం 1982 నుంచి కత్తులకు, సామగ్రికి నాలుగు మెట్ల పత్రాలు ఇస్తున్నది: భద్రపరచదగినది, ప్రత్యేకంగా భద్రపరచదగినది, ముఖ్యమైనది, ప్రత్యేకంగా ముఖ్యమైనది. హోనామి పత్రానికీ దీనికీ పెద్ద తేడా, ఇందులో ధర లేదు. 1977లో సంఘం షిమానెలోని యొకోతాలో తతరా కొలిమిని తిరిగి వెలిగించి నేటి కమ్మరులకు ఉక్కు అందిస్తున్నది. పాత అలుగులను ఇప్పుడు నూనె రాసి, అలంకారం లేని తెల్ల చెక్క ఒరలో ఉంచుతారు. వాటి పాత పిడి, త్సుబా, ఒర వేరే చెక్క అలుగుకు తొడిగి పక్కన ఉంటాయి, ఒక్కొక్కదానికి వేరుగా పరీక్ష, వేరుగా పత్రం. అధ్యయన సభల్లో తోకను గుడ్డతో కప్పి కత్తిని చేతికిస్తారు. చూసినవారు మాటాడకుండా, ఊపిరి అలుగు మీద పడకుండా పరిశీలించి, కమ్మరి పేరు చీటీ మీద రాసి ఇస్తారు. సరిగ్గా చెప్పినవారికి ‘అతారి’, అదే బడిలోని దగ్గరివాడిని చెప్పినవారికి ‘దోజెన్’, దారి తప్పినవారికి ‘ఇయా’ అని రాసి చీటీ తిరిగి ఇస్తారు. ఇయా వచ్చినవారు మళ్లీ కత్తి అందుకొని చూడవచ్చు.